మూకుడులో పేలాలు, సముద్రం అడుగున భూకంపాలు

నమస్కారమండీ. చెన్నైలో ఉంటూ భూకంపాల గురించి మాట్లాడతానంటే మా ఇంట్లోనే నవ్వారు, వానొస్తే వీధులు మునగడం గురించి చెప్పు, అది నీకు బాగా తెలుసు అన్నారు. సరే, నాకిచ్చింది నాలుగు నిమిషాలు, విషయంలోకి వెళ్లిపోదాం.

2004 డిసెంబరు 26 మన మెరీనా మర్చిపోదు. సుమత్రా దగ్గర 9.1 భూకంపం, ఆ తర్వాత సునామీ. అదంతా మీకు తెలిసిందే. నేను చెప్పాలనుకుంటున్నది సరిగ్గా నెల తర్వాత జరిగింది. 2005 జనవరి చివరి వారంలో నికోబార్‌కి తూర్పున, అండమాన్ సముద్రం అడుగున, ఐదారు రోజుల్లో 150కి పైగా భూకంపాలొచ్చాయి. ఒక్కొక్కటీ 5 లేదా అంతకు మించిన తీవ్రత. చిన్నాచితకావి కలపకుండానే 150! చెన్నై హార్బర్‌లో ఓడెక్కితే దాదాపు మూడు రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్ చేరతాం కదా (ఇప్పుడు దాని పేరు మార్చారు, నా నోటికి ఇంకా పాతదే వస్తోంది), అలా ఓడలో వెళ్లి తిరిగొచ్చేలోపు అన్నిసార్లు కదిలిందన్నమాట.

మామూలుగా ఎలా ఉంటుందంటే, ముందు పెద్దదొకటి వస్తుంది, తర్వాత దాని పిల్లలు వస్తాయి, రోజురోజుకీ తగ్గుతాయి. ఇక్కడ పెద్దదంటూ లేదు. మా అమ్మమ్మ మూకుడులో జొన్న పేలాలు వేయించేది, ముందు ఒకటి టప్, కాసేపాగి ఇంకోటి, తర్వాత ఒకటే టపటపా, వాటిలో ఏది పెద్ద పేలమో చెప్పమంటే ఏం చెప్తాం? అదే స్వార్మ్, అంటే భూకంపాల గుంపు. పెద్దదంటూ లేదు, అన్నీ దాదాపు ఒకే సైజు, 6 చుట్టుపక్కలే ఆగిపోయాయి.

అక్కడే ఎందుకంటే, ఆ సముద్రం అడుగున భూమి పైపొరలోని రెండు పెద్ద ముక్కలు, బర్మా పలక, సుందా పలక, ఒకదాన్నుంచి ఒకటి దూరంగా జరుగుతున్నాయి. సాగే చోట నేల పల్చన, కింద వేడి, చిన్న చిన్న పగుళ్లు బోలెడు. డిసెంబరు భూకంపం ఆ చుట్టుపక్కల ఒత్తిడంతా మార్చేసింది, పగుళ్లు ఒకదాని తర్వాత ఒకటి జారాయి. పెద్దదేదీ రాలేదు కాబట్టి సునామీ కూడా లేదు. తీవ్రత ఒక్క అంకె పెరిగితే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుంది, అంటే 6కీ 9కీ మధ్య తేడా ముప్పై వేల రెట్ల పైమాటే. సంఖ్య చూసి భయపడకండి, సైజు చూడండి. సునామీ హెచ్చరికలకి 2007 నుంచి మన హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ కేంద్రం ఉంది, వాట్సాప్ ఫార్వర్డ్ కన్నా దాని మాట వినండి. ఫలానా రోజు ఫలానా టైముకి భూకంపమని ముందే చెప్పగలిగినవాళ్లు ప్రపంచంలో ఎవరూ లేరండీ.

ఇంక ఒక్కటే చెప్పి ఆపుతాను. 2012 ఏప్రిల్ 11, మధ్యాహ్నం రెండు దాటింది, మళ్లీ సుమత్రా వైపే, 8.6. మా ఆఫీసు ఐదో అంతస్తు, బాటిల్లో నీళ్లు ఊగుతున్నాయి, నాకు కళ్లు తిరుగుతున్నాయేమో అనుకున్నా, ఈలోగా ఎవరో అరిచారు, అందరం మెట్ల మీద పడ్డాం. చేయకూడనిది సరిగ్గా అదే. ఊగుతున్నంతసేపూ బల్ల కింద దూరి తల కాపాడుకోవాలి, ఆగాక దిగాలి, దిగాక అద్దాల గోడకి దూరంగా నిలబడాలి. మేమేమో కిందికి పరిగెత్తి తిన్నగా ఆ అద్దాల గోడ కిందే గుంపుగా నిలబడి పైకి చూస్తున్నాం, నా చెప్పు ఒకటి మూడో అంతస్తు మెట్ల మీదే ఉండిపోయింది.