ఆరంగుళాల ఈ-ఇంక్ తెర మీద తెలుగు పుస్తకం

నమస్కారం. పుస్తకాలు చదువుకోవడానికి వాడే ఈ ఆరంగుళాల ఈ-ఇంక్ రీడరు నాలుగు నెలలుగా నా సంచిలో ఉంటోంది. గుంటూరు నుంచి విజయవాడకు రోజూ బస్సులో వచ్చిపోతూ దీని మీద నేను చదివినవన్నీ తెలుగు పుస్తకాలే కనుక, నా అభిప్రాయాలన్నీ తెలుగు చదువరివే. కంపెనీ పేరు చెప్పడం లేదు.

తెర విషయం తొందరగా ముగిస్తాను. ఇందులోని సూక్ష్మమైన గుళికల్లో విద్యుదావేశం గల నల్ల, తెల్ల రేణువులు ఉంటాయి. ఏవి పైకి తేలితే ఆ రంగు కనిపిస్తుంది, ఒకసారి కుదురుకున్నాక వాటిని నిలిపి ఉంచడానికి కరెంటు అక్కరలేదు. పేజీ తిప్పినప్పుడే ఖర్చు కనుక ఛార్జింగు చాలా రోజులు వస్తుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలో కృష్ణ ఒడ్డున పున్నమి ఘాట్ మెట్ల మీద ఫోను తీస్తే అందులో నా ముఖమే కనిపించింది కానీ, దీని మీద అక్షరం అచ్చు కాగితం మీద ఉన్నట్లే ఉంది. ఆ ఎండలో అక్కడ కూర్చోమన్నదెవరని ఇంట్లో కూడా అడిగారు.

అసలు పరీక్ష తెలుగు లిపితోనే మొదలవుతుంది. తెరను కెమెరాకు దగ్గరగా పెడుతున్నాను, ‘రాష్ట్రం’ అనే మాటను చూడండి. ష కింద ట ఒత్తు, దానితోపాటు ర ఒత్తు రావాలి. పంక్తుల మధ్య ఎడం బాగా తగ్గించగానే ఆ ఒత్తుల అడుగుభాగం తెగిపోయి, కింది పంక్తిలోని గుడులకు తగులుతోంది. ఇంగ్లీషుకు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. పరికరంతో వచ్చిన ఫాంటు మరీ సన్నగా ఉండడం వల్ల నోటో సెరిఫ్ తెలుగును ఎక్కించుకుని, ఎడం రెండు మెట్లు పెంచాక గానీ నాకు హాయిగా చదవడం కుదరలేదు. యూనికోడులో, అంటే ప్రతి తెలుగు అక్షరాన్నీ యంత్రం తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతిలో ఉండి, తెరకు తగ్గట్టు పంక్తులు సర్దుకునే ఈపబ్ రకం పుస్తకమైతే ఆ తరువాత ఏ లోటూ లేదు.

చిక్కంతా అటువంటి పుస్తకాలు తక్కువగా దొరకడంలోనే ఉంది. మన తెలుగు పుస్తకాల్లో చాలావాటిని డీటీపీ చేసేవారు, అంటే కంప్యూటరు మీద పేజీలు కూర్చేవారు, పేజ్‌మేకరు అనే సాఫ్ట్‌వేరులో ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లతో కంపోజు చేశారు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి కనుక, కంటికి తెలుగుగా కనిపించేది యంత్రానికి అర్థంలేని గుర్తుల వరుస. అటువంటి పీడీఎఫ్‌లో ఒక పాత్ర పేరు వెతికితే ఏమీ దొరకదు, మాట మీద వేలు ఉంచితే నిఘంటువు తెరుచుకోదు, అక్షరం సైజు పెంచుకోవడమూ సాధ్యం కాదు. పాత పుస్తకాల స్కాన్లయితే వట్టి బొమ్మలే. ఆ బొమ్మలను కోసి తిరిగి పేర్చే రీఫ్లో సదుపాయం ఇందులో ఉంది కానీ, అది పంక్తుల మధ్య తెల్లని ఖాళీని వెతుకుతుంది. మన ఒత్తులు ఆ ఖాళీలోకే దిగుతాయి. ‘అమ్మ’లోని మ ఒత్తు విడిపోయి కింది పంక్తిలో తేలడం నేను రెండు మూడు చోట్ల చూశాను.

ఇటువంటి పీడీఎఫ్‌లకు, స్కాన్లకు నాకు పనికొచ్చిన ఉపాయం ఒకటే. పుస్తకాలకు వాడే డెమ్మీ అనే సైజు పేజీ దాదాపు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. ఈ తెర వెడల్పు సుమారు 3.6, ఎత్తు 4.8 అంగుళాలు. నిలువుగా పెట్టి మొత్తం పేజీ చూస్తే అక్షరాలు దాదాపు సగానికి కుంచించుకుపోతాయి. అంచులు కత్తిరించి తెరను అడ్డంగా తిప్పితే మాత్రం పంక్తి ఇంచుమించు అచ్చులో ఉన్నంత సైజులోనే కనిపిస్తుంది, కాకపోతే ఒక్కో పేజీని రెండు విడతలుగా చదువుకోవాలి. మంగళగిరి దాటేలోపు పది పేజీలు అయ్యేవి ఇప్పుడు ఆరే అవుతున్నాయి. స్కాన్లే ఎక్కువగా చదివేవారు ఈ సైజు కొనకండి, పదంగుళాల తెర చూసుకోండి.