డ్రోన్ దించండి, పునుగుల బండి దగ్గరికి రండి

పోయిన వారం వీడియో కింద నన్ను తిట్టిన వాళ్ళందరికీ ముందుగా నమస్కారం. కామెంట్లన్నీ చదివాను. కొత్తగా వచ్చినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. గుంటూరులో ఒక కాలేజీ ఫెస్ట్‌లో స్టూడెంట్ మ్యూజిక్ వీడియోల పోటీకి నన్ను జడ్జిగా పిలిచారు. ఏడు వీడియోలొస్తే ఐదు ప్రకాశం బ్యారేజీ మీద డ్రోన్ షాట్‌తోనే మొదలయ్యాయి. ఆ ఐదింటికీ నేను తక్కువ మార్కులేశాను. ఆ సంగతే పోయిన వారం వీడియోలో చెప్పాను. అదీ గొడవ.

‘అన్నా, డ్రోన్ వద్దంటే మరి ఐడియా ఎక్కడి నుంచి తేవాలి?’ అని ఒక తమ్ముడు అడిగాడు. ఈ వీడియో ఆ తమ్ముడి కోసమే.

మీ పాట ఏ స్పీడులో ఉందో, సరిగ్గా అదే స్పీడులో మీ ఊళ్ళో ఎవరో ఒకరు చేతులతో పని చేస్తున్నారు. ఆ చేతులే మీ వీడియో. మళ్ళీ చెప్తున్నా, ఆ చేతులే మీ వీడియో!

ఒప్పుకోరా? మొన్న సాయంత్రం విజయవాడలో మా వీధి చివర పునుగుల బండి దగ్గర నిలబడ్డాను. బాబాయ్ గిన్నెలో చెయ్యి పెట్టి, పిండి తీసి, బొటనవేలితో నొక్కుతూ నూనెలోకి వదులుతున్నాడు. టప్, టప్, టప్. ఒక్కటి చిన్నది కాదు, ఒక్కటి పెద్దది కాదు. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి లెక్కపెట్టాను. పది సెకన్లకి పదహారు. అంటే నిమిషానికి తొంభై ఆరు. మళ్ళీ లెక్కపెట్టాను, మళ్ళీ పదహారే! ‘ఏంటి బాబూ, పునుగులు లెక్కపెడుతున్నావా? తక్కువ వెయ్యనులే’ అన్నాడు. ఆ పోటీకొచ్చిన పాటల్లో ఒకటి సరిగ్గా 96 బీపీఎం, అంటే నిమిషానికి 96 బీట్లు. ఆ పిల్లలు అంతసేపు కష్టపడి బ్యారేజీ గేట్లని షూట్ చేశారు. వాళ్ళ పాట తాళం మాత్రం ఇక్కడ నూనెలో పడుతోంది.

బ్యారేజీ అంటే నాకేం కోపం లేదు. 1957 నుంచి డెల్టాకి నీళ్ళిస్తోంది, ప్రకాశం పంతులుగారి పేరు పెట్టుకున్నాం, మన ఊరి ముఖం అది. కానీ నాలుగు వందల అడుగుల పైనుంచి చూస్తే దాని మీద నడిచే మనిషి చీమంత కూడా కనపడడు. పాట మనిషిది కదమ్మా! మనిషి లేకుండా ఎలా తీస్తారు?

ఇంకోటి చెప్తాను, ఇది నాకు బాగా ఇష్టం. మంగళగిరి వెళ్ళండి. మగ్గం ముందు కూర్చోండి. నేసేవాళ్ళు కాలితో తొక్కుతారు, తాడు లాగితే నూలు మోసే నాడె అటు నుంచి ఇటు పరిగెడుతుంది, ఆ నూలుని దగ్గరికి నొక్కే పలక దడేల్మని కొడుతుంది. కాలు, నాడె, పలక. తకిట, తకిట, తకిట. మీ పాట తిస్రంలో, అంటే మూడేసి దెబ్బల నడకలో ఉంటే ఇంతకన్నా ఏం కావాలి? గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించే వాళ్ళ నడక చూడండి, అది ఇంకో లయ. అక్కడికెళ్తే మాత్రం ముందు అనుమతి అడగండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఆ ఘాటుకి మీ కెమెరా పట్టుకున్నవాడు తుమ్మితే షాట్ పోతుంది. మే నెలలో యార్డుకి సెలవులిస్తుంటారు, అది కూడా చూసుకుని ప్లాన్ చేసుకోండి. ఎవరిని తీసినా వాళ్ళని అడిగే తీయండి. అయ్యాక ఆ వీడియో వాళ్ళకి చూపించండి. దయచేసి ఇది మర్చిపోవద్దు.

ఇక ప్లానింగ్. రీల్స్ సేవ్ చేసుకోవడం ప్లానింగ్ కాదు! అందరూ అవే రీల్స్ సేవ్ చేస్తున్నారు కాబట్టే ఏడింటిలో ఐదు ఒకేలా వచ్చాయి. ఫోన్ బోర్లా పెట్టి, కళ్ళు మూసుకుని పాట ఇరవై సార్లు వినండి. తర్వాత కాగితం తీయండి. 96 బీపీఎం పాటలో నాలుగు బీట్ల బార్ ఒకటి రెండున్నర సెకన్లు. మూడు నిమిషాల పాటకి 72 బార్లు. రెండు బార్లకి ఒక షాట్ మారిస్తే 36 షాట్లు. అంతే. కాగితం మీద 36 గళ్ళు గీయండి, అగ్గిపుల్ల బొమ్మలేసినా చాలు. గళ్ళు నిండకపోతే షూటింగ్‌కి వెళ్ళొద్దు. గళ్ళు ఖాళీగా పెట్టుకుని వెళ్ళినవాళ్ళే అక్కడ టెన్షన్ పడి స్లో మోషన్‌లో బైక్ దిగుతారు.

స్లో మోషన్ అంటే గుర్తొచ్చింది. మనిషి మెల్లగా కదలాలి, పెదాలు మాత్రం పాటతో కలవాలి, ఎలా అని ఒక చెల్లెమ్మ అడిగింది. చాలా సులువమ్మా. సెకనుకి 50 ఫ్రేములు పెట్టి, పాటని రెట్టింపు స్పీడులో వినిపిస్తూ పాడించు. ఎడిటింగ్‌లో అవే ఫ్రేముల్ని సెకనుకి 25 చొప్పున నడిపించు, స్పీడు సగమవుతుంది. పెదాలు పాటకి అతుక్కుంటాయి, జుట్టూ చున్నీ మాత్రం నీళ్ళలో ఉన్నట్టు తేలతాయి. దీనికి రూపాయి ఖర్చు లేదు. డ్రోన్ అద్దె డబ్బులతో టీమందరికీ భోజనం పెట్టొచ్చు.

‘అన్నా, ఇవన్నీ డాక్యుమెంటరీ లాగా ఉంటాయి, మాది లవ్ సాంగ్’ అంటారు, నాకు తెలుసు. అయితే ఏంటి? అమ్మాయి పునుగులు కట్టించుకోవడానికి వచ్చింది, అబ్బాయి ఆ బండి మీద చట్నీ వేస్తున్నాడు. పల్లవిలో ఒక పొట్లం, రెండో చరణంలో రెండు పొట్లాలు, ఆఖరి చరణంలో ఆమె రాలేదు, పొట్లం చల్లారిపోతోంది. కథ అయిపోయింది! మూడు పొట్లాలతో అయిపోయింది! దీనికి బ్యారేజీ గేట్లు ఎందుకు?

మీ పాట ఎన్ని బీపీఎమ్మో, మీ వీధిలో అదే లయలో ఎవరు పనిచేస్తున్నారో కింద రాయండి. ఇస్త్రీ బండి, టీ మాస్టర్, రోట్లో పచ్చడి నూరే మీ అమ్మమ్మ, ఎవరైనా సరే. ఆదివారం పొద్దున్నే నేను మంగళగిరిలో ఉంటాను. 36 గళ్ళు నింపిన కాగితం పట్టుకొస్తే మగ్గం పక్కనే కూర్చుని ఒక్కో గడీ చూద్దాం.