స్వామి పేరున పట్టా

శ్రోతలకు నమస్కారం. దేవుడి మాన్యం పహాణీ, అంటే భూమి రికార్డు, ఎప్పుడైనా చూశారా? చాలాచోట్ల పట్టాదారు గడిలో పూజారి పేరుండదు, స్వామి పేరే ఉంటుంది. భూమి కబ్జా అయితే దావా కూడా స్వామి పేరునే నడుస్తుంది. చట్టం లెక్కలో ఆయనొక వ్యక్తి. అట్లని పోలింగ్ రోజు చెరువుగట్టు రామలింగేశ్వరుడి పేరు ఓటర్ల జాబితాలో ఎవరూ వెతకరు.

కంపెనీ కూడా ఇట్లాంటి కాగితం మనిషే. భూమి కొంటుంది, అప్పు తెస్తుంది, కోర్టుకెక్కుతుంది. ఓటు లేదు. అది పౌరుడు కాదని సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. కాకపోతే స్వామి ఏ పార్టీకీ చందా రాయడు. కంపెనీ రాస్తుంది.

ఆ చందాకు ఒక గట్టుండేది. గడిచిన మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతం దాటొద్దు. 2017లో ఆ గట్టు తెంపారు. వెనకనే ఎలక్టోరల్ బాండ్లు వచ్చాయి. స్టేట్ బ్యాంకులో కొని పార్టీకిస్తే చాలు, ఇచ్చినవారి పేరు జనానికి తెలియదు. నష్టాల్లో ఉన్న కంపెనీ అయినా ఇవ్వొచ్చు. నష్టాల్లో ఉన్న రైతుకు బ్యాంకులో కుర్చీ కూడా వెయ్యరు, అది వేరే ముచ్చట.

ఇంకో గట్టు కథ మన నల్లగొండదే. 1996 లోక్‌సభ ఎన్నికలు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెల గోస దేశానికి కనపడాలని జనం వరుసకట్టి నామినేషన్లు వేశారు. అప్పట్లో డిపాజిట్ 500 రూపాయలు. బరిలో 480 మంది! బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి. పోతాయని తెలిసే కట్టారు.

అదే ఏడాది డిపాజిట్ 10,000 చేశారు. ఇప్పుడది 25,000. అంతమంది నిలబడితే ఎన్నిక నడపడం కష్టమే, అన్ని గుర్తులు ఎక్కడి నుంచి తెస్తారు పాపం. కానీ మనుషులకు గట్టు ఎత్తు చేసిన పార్లమెంటే కాగితం మనిషికి గట్టు ఎందుకు తీసేసిందన్నది నాకు మింగుడుపడదు.

2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టేసింది. కంపెనీ చందాలకు హద్దు తీసేయడమూ చెల్లదంది. కంపెనీ ఇచ్చేది వ్యాపార లావాదేవీ, దాన్ని మనిషి ఇచ్చే చందాతో జత కట్టొద్దని తేల్చింది. కంపెనీ చందాల గట్టు మళ్లీ లేచింది.

మన డిపాజిట్ గట్టు అట్లనే ఉంది. 1996లో 480 మందికి, జనరల్ అభ్యర్థుల డిపాజిట్ లెక్కన, 2 లక్షల 40 వేలతో పనయింది. ఇవాళ అదే 480 మంది నిలబడాలంటే కోటీ 20 లక్షలు కట్టాలి.