రాత్రయినా నగరం ఎందుకు చల్లబడదు? టిమ్ ఓక్ వెతికిన జవాబు

[తెరపై: రాత్రివేళ ఇరుకు వీధి, రెండు వైపులా ఎత్తైన భవనాలు. కెమెరా నేల మీంచి పైకి చూస్తుంది.]

ఈ వీధిలో నిలబడి తలెత్తితే ఆకాశం ఎంత కనిపిస్తోంది? రెండు గోడల మధ్య సన్నగా, ఒక చారంత. తెల్లవార్లూ ఇక్కడ వేడి తగ్గకపోవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. దీన్ని కొలతలతో నిరూపించిన ఆచార్యుడు టిమ్ ఓక్.

[తెరపై: పాత లండన్ చిత్రం]

నగరాలు వేడెక్కుతాయని అంతకు చాలా ముందే తెలుసు. మేఘాలకు మనం నేటికీ వాడే పేర్లు పెట్టిన లూక్ హోవర్డ్, లండన్ రాత్రులు చుట్టుపక్కల పల్లెలకన్నా సుమారు 2 డిగ్రీల సెల్సియస్ వెచ్చగా ఉంటాయని 19వ శతాబ్దం మొదట్లోనే లెక్కగట్టారు. తర్వాత వచ్చినవాళ్లూ ఎక్కువగా "ఎంత తేడా?" అనే కొలిచారు. "ఎందుకు?" అన్నదే తేలలేదు.

[తెరపై: చీకట్లో మెల్లగా వెళ్తున్న కారు, కిటికీ పక్కన థర్మామీటర్]

ఓక్ ఇంగ్లండ్‌లో పుట్టి, కెనడాలో స్థిరపడి, వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పనిచేశారు. గాలి, మబ్బు లేని రాత్రి చూసుకుని, కారుకు థర్మామీటర్ బిగించి ఊరి శివారు నుంచి నడిబొడ్డు దాకా కొలుచుకుంటూ వెళ్లడం అప్పటి పద్ధతి. జనాభా పెరిగేకొద్దీ తేడా పెరుగుతుందని 1973లో ఆయన చూపారు. చాలామంది అక్కడితో ఆగిపోయేవారే. నాకు ఆయన నచ్చేది ఇక్కడే: జనం పెరిగితే ఊళ్లో అసలు మారేది ఏమిటని ఆయన అడిగారు.

[తెరపై: నమూనా వీధి బొమ్మ, నేల నుంచి పైకి లేచే ఎర్ర బాణాలు]

పగలు తాగిన వేడిని నేల రాత్రి కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా వదిలేస్తుంది. బయలు ప్రదేశంలో అది నేరుగా చల్లని ఆకాశానికి పోతుంది. వీధిలో మాత్రం గోడలు అడ్డుపడి, పీల్చుకుని, మళ్లీ కిందికే పంపుతాయి. ఓక్ చిన్న నమూనా వీధులు కట్టి, అవి చల్లబడే తీరును అసలు నగరాల కొలతలతో పోల్చి 1981లో ప్రచురించారు. భవనాలు ఎంత ఎత్తై, వీధి ఎంత ఇరుకైతే తేడా అంత ఎక్కువ.

దీని విలువ ప్రాణాల్లో ఉంది. 1995లో షికాగో వడగాడ్పుకు 700 మందికి పైగా చనిపోయారు. రాత్రి కూడా చల్లబడకపోతే శరీరానికి తేరుకునే వ్యవధి దొరకదు.

[తెరపై: పైనుంచి తీసిన రకరకాల పేటలు]

2012లో ఓక్, మరో పరిశోధకుడు ఇయాన్ స్టీవర్ట్‌తో కలిసి "నగరం, పల్లె" అన్న రెండు ముక్కల విభజనను పక్కనపెట్టి 17 రకాల ప్రాంతాలుగా వర్గీకరించారు. ఇప్పుడు ఎన్నో దేశాల పరిశోధకులు దాన్నే వాడుతున్నారు.

[తెరపై: ఒక పార్కు, పగలు, రాత్రి]

మరి చెట్లు నాటితే చాలా? వాంకూవర్, శాక్రమెంటో పార్కుల్లో ఓక్, ఆయనతో పనిచేసిన పరిశోధకురాలు కొలిచి చూశారు. మధ్యాహ్నం చెట్ల నీడ ఉన్న పార్కులు చల్లగా ఉన్నాయి. పొద్దుగూకాక వేగంగా చల్లబడినవి మాత్రం పచ్చిక బయళ్లే, ఎందుకంటే దట్టమైన కొమ్మలు కూడా నేలకు ఆకాశాన్ని మూసేస్తాయి. అందుకే పార్కులకు ప్లాను గీసేవాళ్లు అక్కడక్కడ చెట్లు, మధ్యలో తడి పచ్చిక ఉండేలా చూసుకోవాలి.