పార్టీ కండువా, ప్రార్థన కూడిక

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పాస్టరుగారు ఫోన్ చేసి, "పార్టీల్లో ఉన్న విశ్వాసుల సహవాసం గురించి చెప్పండి బ్రదర్, కానీ రాజకీయాలు వద్దు" అన్నారు. ఈ రెండూ ఎలా కుదురుతాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ప్రయత్నిస్తాను. నేను ఏ పార్టీ సభ్యుణ్ణో మాత్రం ఇక్కడ చెప్పను. భోజనాల దగ్గర అడగండి.

మన ఊళ్లలో పార్టీ, ప్రార్థన కలిసేది సెమీ క్రిస్మస్ రోజున. నేను ఇంటర్ చదివేటప్పుడు మా చర్చికి ఒక నాయకుడు వస్తానన్నాడు. ఆరింటికని చెప్పి ఎనిమిదిన్నరకు వచ్చాడు. దేవదూతల వేషం వేసిన పిల్లలు రెక్కలతోనే నిద్రపోయారు. కేక్ కోశాడు, ఫొటోలు దిగాడు, సమాధుల స్థలం సంగతి చూస్తానన్నాడు, వెళ్లిపోయాడు. మళ్లీ ఆ స్థలం మాట ఎవరూ ఎత్తలేదు. నాయకుడు మర్చిపోయాడంటే సరే. ఆ పార్టీ కార్యకర్తల్లో మా సంఘం వాళ్లే పాతికమంది ఉండేవాళ్లు. వాళ్లూ అడగలేదు. నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

ఈ దేశానికి, అంటే బ్రిటన్‌కు, వచ్చాక వేరే పద్ధతి చూశాను. ఇక్కడ లేబర్, కన్జర్వేటివ్, లిబరల్ డెమోక్రాట్ పార్టీలు మూడింటిలోనూ విశ్వాసుల సహవాసాలున్నాయి. పార్టీలు పెట్టినవి కావు, పార్టీలో ఉన్న విశ్వాసులే పెట్టుకున్నవి. కన్జర్వేటివ్ క్రిస్టియన్ ఫెలోషిప్‌ను 1990లో ఎక్సెటర్ యూనివర్సిటీ విద్యార్థులు ఇద్దరు, టిమ్ మాంట్‌గొమరీ, డేవిడ్ బరోస్, మొదలుపెట్టారు. తర్వాత బరోస్ ఎంపీ అయ్యాడు.

లేబర్ వాళ్ల కథ ఇంకా పాతది. ఆ పార్టీని నిలబెట్టిన కీర్ హార్డీ చిన్నప్పటినుంచి బొగ్గు గనుల్లో పనిచేసిన మనిషి, ప్రసంగాలు చేసిన విశ్వాసి. 1960లో క్రిస్టియన్ సోషలిస్ట్ మూవ్‌మెంట్ పుట్టినప్పుడు దానికి అధ్యక్షుడు డొనాల్డ్ సోపర్ అనే మెథడిస్టు బోధకుడు. లండన్ హైడ్ పార్కులో ఎత్తు మీద నిలబడి, మధ్యలో అరిచేవాళ్లకు జవాబులిస్తూ బోధించేవాడు. మన వీధి కూడికల్లో మైకు ఉంటుంది కాబట్టి మనకు ఆ తలనొప్పి లేదు. ఆ సంస్థకు 2013లో క్రిస్టియన్స్ ఆన్ ద లెఫ్ట్ అని పేరు మార్చారు. లేబర్ ప్రధానిగా చేసిన టోనీ బ్లెయిర్ కూడా అందులో సభ్యుడిగా ఉన్నాడు. కానీ 2003లో ఒక విలేఖరి ఆయన్ని విశ్వాసం గురించి అడిగితే, ఆయన మీడియా సలహాదారు అలస్టెయిర్ క్యాంప్‌బెల్ మధ్యలో అడ్డుపడి, మేం దేవుడి జోలికి పోము అని తేల్చేశాడు. సహవాసంలో పేరుండటం వేరు, మైకు ముందు నోరు విప్పడం వేరు.

ఏటా శరదృతువులో పార్టీల మహాసభలు జరిగేటప్పుడు ఈ సహవాసాలు ఆరాధన, ప్రార్థన కూడికలు, చర్చలు పెడతాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు స్టేజీ, దండలు, శాలువాలు ఉంటాయనుకున్నాను. ప్లాస్టిక్ కుర్చీలు, టీ, బిస్కెట్లు. నా పక్కన ప్రార్థన చేసినాయన ఎంపీ అని బయటికొచ్చాక తెలిసింది.

పార్లమెంటులోనూ సభ రోజూ ప్రార్థనతోనే మొదలవుతుంది. దాని వెనక ఒక తమాషా ఉంది. దిగువ సభ అయిన కామన్స్‌లో ఎంపీలందరికీ సరిపడా సీట్లు లేవు. ప్రార్థన కార్డు పెట్టి, ప్రార్థనకు హాజరైతే ఆ రోజుకు సీటు ఖాయం. మనం ఆర్టీసీ బస్సు కిటికీలోంచి రుమాలు వేసినట్టే. ఎంతమంది దేవుడి కోసం వస్తారో, ఎంతమంది సీటు కోసం వస్తారో నేను చెప్పలేను.

అంతా బాగుందని చెప్పడానికి రాలేదు. టిమ్ ఫారన్ గురించి చెప్పాలి. 2015లో లిబరల్ డెమోక్రాట్ల నాయకుడయ్యాడు. విలేఖరులు ఆయన్ని మళ్లీమళ్లీ ఒకటే అడిగారు: స్వలింగ సంబంధం పాపమా కాదా? చాలాసార్లు దాటవేశాడు. 2017 ఎన్నికల ముందు, కాదన్నాడు. ఎన్నికలైన వారంలోనే, నాయకుడిగా ఉంటూ విశ్వాసిగా బతకడం నావల్ల కావడం లేదని రాజీనామా చేశాడు. కాదన్నందుకు చింతిస్తున్నానని తర్వాత ఒప్పుకున్నాడు. నాకు ఆయన మీద జాలి ఉంది, కొంచెం కోపం కూడా ఉంది. ఒత్తిడికి మాట మార్చేదానికంటే మొదటిరోజే ఉన్నదున్నట్టు చెప్పి ఓడిపోయి ఉంటే బాగుండేది. ఇలా అనడం నాకు సులువే, నన్ను ఏ కెమెరా అడగలేదు.

ఇక విశ్వాసులందరూ ఒకే వైపు ఉంటారనుకోకండి. మరణశయ్య మీద ఉన్నవాళ్లు వైద్యసాయంతో ప్రాణం వదలడానికి అనుమతించే బిల్లు 2024 నవంబరులో కామన్స్‌లో ఓటింగుకు వచ్చింది. పార్టీ విప్ లేదు, ఎవరి మనస్సాక్షి వాళ్లది. 330 మంది అవునన్నారు, 275 మంది వద్దన్నారు. వద్దన్నవాళ్లలో ఫారన్, అప్పట్లో కన్జర్వేటివ్ ఎంపీగా ఉన్న డానీ క్రూగర్ ఒకే వైపు నిలబడ్డారు. అదే సమయంలో ఒకప్పుడు ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన కాంటర్‌బరీ మాజీ ఆర్చిబిషప్ జార్జ్ కేరీ బిల్లును సమర్థించాడు. విశ్వాసి అంటే ఇదే ఓటు అని ఎవరైనా మీకు చెబితే, ఈ ముగ్గురి పేర్లూ చెప్పండి.

పన్నెండుమంది శిష్యుల్లో రోమా అధికారం కింద సుంకం వసూలు చేసిన మత్తయి ఉన్నాడు. జెలోతే, అంటే రోమా పాలనను ఎదిరించే వర్గం పేరుతో, అనబడిన సీమోనూ ఉన్నాడు. రాత్రిపూట మంట చుట్టూ కూర్చుని వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకునేవాళ్లో అని నేను తరచూ అనుకుంటాను. ఇక్కడ మూడు పార్టీల సహవాసాలూ క్రిస్టియన్స్ ఇన్ పాలిటిక్స్ పేరుతో కలిసి పనిచేస్తాయి. నిన్న టీవీలో ఒకర్నొకరు తిట్టుకున్నవాళ్లు ఇవాళ ఒకరికోసం ఒకరు ప్రార్థన చేయడం నేను చూశాను. కాస్త ఇబ్బందిగానే చేశారు.

మీలో చాలామందికి తెలియని సంగతి ఒకటి. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారత పౌరులకు, కామన్వెల్త్ దేశస్థులు కాబట్టి, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది. పాస్‌పోర్టు మారక్కర్లేదు. పోయిన నెల మన సంఘంలోనే ఒక సిస్టర్, "పదకొండేళ్లుగా ఉంటున్నాను అన్నా, నాకు ఎవరూ చెప్పలేదు" అంది. ఓటు నమోదు ఫారాలు వెనక బల్ల మీద, పాటల పుస్తకాల పక్కన పెట్టాను. నింపడానికి పెన్నులు నాలుగే ఉన్నాయి, దయచేసి జేబులో పెట్టుకుపోకండి.