గ్రామసభ అనుకుని కూర్చుంటే ట్యాంకెక్కాం

సుజాత: నమస్కారమండీ. ఈ వారం విషయం గ్రామసభ. సభకి ముందు పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఎలా రాసుకోవాలి అన్నది. భాస్కర్ కాగితాలు తెచ్చాడు, నాలుగు పేజీలు.

భాస్కర్: మూడేనక్కా. నాలుగోది నిచ్చెన లిస్టు.

సుజాత: ఆ పాత నిచ్చెన గొడవ మాటెత్తావంటే రికార్డింగు ఆపేస్తా.

భాస్కర్: ఎత్తను, ఎత్తను. సరే, ముందు డబ్బు లెక్క. 15వ ఆర్థిక సంఘం గ్రాంటు, 2021-22 నుంచి 2025-26 దాకా ఇచ్చినది, దాని నియమం ప్రకారం అందులో 60 శాతం కట్టుబడ్డ డబ్బు. సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి. దాన్ని ఇంకో పనికి మళ్లించడానికి లేదు. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. కానీ జీతాలకు, ఆఫీసు ఖర్చులకు కాదు.

సుజాత: చాలామంది సభలో ముందు సీసీ రోడ్డు అడుగుతారు, తర్వాత డబ్బు వెతుక్కుంటారు. రోడ్డేమో 40 శాతంలోంచి రావాలి. నీటి డబ్బేమో అలాగే పడుంటుంది.

భాస్కర్: అందుకే కోరికల కంటే ముందు రావలసిన డబ్బు కాగితం మీద పెట్టాలె. ఎంత కట్టుబడ్డది, ఎంత కానిది, ఇంటి పన్ను ఎంత వసూలైంది. ఆ మూడు అంకెలు బోర్డు మీద రాసినంక సమస్యలు అడగాలె. సభ ఆమోదించినంక పంచాయతీల ఆన్‌లైన్ పోర్టల్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఎక్కించాలె.

సుజాత: తీర్మానంలో మాట కూడా చూసుకోవాలి. "తాగునీటి అభివృద్ధి" అని రాస్తే ఎస్టిమేట్ వేసే ఇంజినీరుకి ఏం అర్థమవుతుంది? "మూడో వీధిలో కాలవలో మునిగిన 22 కుళాయి కనెక్షన్లకి కేసింగ్ పైపు, అంటే పైన తొడిగే పెద్ద గొట్టం, వెయ్యాలి" అని రాస్తే కొలత దొరుకుతుంది, పని కొలతలు రాసే ఎం-బుక్‌లో ఎక్కుతుంది, రేపు పని జరిగిందో లేదో ఎవరైనా వెళ్లి లెక్కపెట్టొచ్చు.

భాస్కర్: వచ్చేసింది. నాలుగు నిమిషాలు కూడా కాలే, కాలవలోకి దిగిండ్రు.

సుజాత: ముందు పైపు, తర్వాత కాలవ, ఆఖర్న రోడ్డు. ఈ వరస తప్పిన ప్రతి ఊళ్లో రోడ్డు పగులుతుంది. చెబుతూనే ఉంటా.

భాస్కర్: శ్రోతలకు కంఠతా వచ్చిందక్కా. రెండో పేజీకి పోయే ముందు ఒక ప్రశ్న ఉంది, చిన్నదే. 60 వేల లీటర్ల ట్యాంకుకి బ్లీచింగ్ ఎంత వెయ్యాలె అని.

సుజాత: చిన్నదా అది?

భాస్కర్: 480 గ్రాములు. అయిపాయె.

సుజాత: అయిపోలేదు. ఆ 480 ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పు.

భాస్కర్: మంచి బ్లీచింగ్ పొడిలో క్లోరిన్ 25 శాతం అనుకుందాం. లీటరు నీటికి 2 మిల్లీగ్రాములు కావాలనుకుంటే 60 వేల లీటర్లకి 120 గ్రాముల క్లోరిన్. దాన్ని నాలుగుతో గుణిస్తే 480 గ్రాముల పొడి.

సుజాత: ఆ 25 శాతం అన్నది సంచి విప్పిన రోజు మాట. మూతి తెరిచిన సంచి తడి గదిలో నెల రోజులుంటే దానిలో ఎంత మిగిలిందో సంచికే తెలియదు. ఆ 2 మిల్లీగ్రాములు అన్నది కూడా ఊహే. బోరు నీళ్లకి ఒకటి చాలొచ్చు, చెరువు నీళ్లకి మూడు కూడా చాలకపోవచ్చు. నీళ్లలో ఉన్న మురికి ముందు తన వాటా తినేస్తుంది, మిగిలిందే మనకి.

భాస్కర్: ఒప్పుకుంటా. అందుకే బకెట్ల పరీక్ష. ఇది మాత్రం రాసుకోండి. 40 గ్రాముల పొడి లీటరు నీళ్లలో కలపాలె. అది ఒక శాతం ద్రావణం. సున్నం అడుక్కి దిగనివ్వాలె, పైన తేట మాత్రం తీసుకోవాలె. నాలుగు ప్లాస్టిక్ బకెట్లు, ఒక్కో దాంట్ల ట్యాంకు నీళ్లు కొలిచి 10 లీటర్లు. సూది లేని ఇంజెక్షన్ సిరంజితో మొదటి దాంట్ల 1 మిల్లీలీటరు, రెండో దాంట్ల 2, తర్వాత 3, 4. కలిపి, మూత పెట్టి, అరగంట ఆగాలె.

సుజాత: 10 లీటర్ల బకెట్టులో 1 మిల్లీలీటరు అంటే లీటరుకి 1 మిల్లీగ్రాము పడ్డట్టు. ఆ కొలత ఎంచుకున్నది అందుకే, గుణకారాలక్కర్లేకుండా.

భాస్కర్: అరగంటయినంక క్లోరోస్కోపుతో, అంటే నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని రంగుతో చూపే పెట్టెతో, చూడాలె. ఏ బకెట్ల లీటరుకి అర మిల్లీగ్రాము మిగిలిందో అదే మన మోతాదు. రెండో బకెట్ అనుకోండి. 60 వేల లీటర్లంటే అసొంటి 6 వేల బకెట్లు. 6 వేలు ఇంటూ 2 మిల్లీలీటర్లు, అంటే 12 లీటర్ల ద్రావణం. లీటరుకి 40 గ్రాముల లెక్కన 480 గ్రాములు.

సుజాత: ఆహా, తిరిగి అక్కడికే వచ్చావు.

భాస్కర్: కానీ ఇప్పుడది అదే సంచిలోని పొడితోటి, అదే నీళ్లతోటి వచ్చింది. పొడి పాతదైతే మూడో బకెట్ చూపిస్తుంది, 720 గ్రాములు వేస్తం. శాతం ఎంత తగ్గిందో ల్యాబుకి పంపి తెలుసుకునే పనే లేదు.

సుజాత: ఇది బాగుంది. 

 

క్లోరోస్కోపు సంగతి ఒకటి. ఆర్థోటోలిడిన్ చుక్కలు వేసిన వెంటనే, 10 సెకన్లలోపు రంగు చూడాలి. పక్కింటివాళ్లతో మాట్లాడి వచ్చి చూస్తే పసుపు ముదురుతుంది. అప్పుడు కనపడేది పనికొచ్చే క్లోరిన్ ఒక్కటే కాదు, వేరేవాటితో అతుక్కున్నది కూడా. రిజిస్టర్లో మాత్రం బ్రహ్మాండమైన అంకె పడుతుంది. ఆ చుక్కలు విషం, పరీక్ష చేసిన నీళ్లు కాలవలో... కాదు, దూరంగా పారబోయాలి.

భాస్కర్: కాలవ అన్నరు, చూసుకోండి.

సుజాత: నోరు జారింది. ఇక వెయ్యడం. పొడి గుడ్డలో మూటకట్టి ట్యాంకులో వేలాడదీస్తారు చూడు, అది నాకు ఒళ్లు మంట. మూట చుట్టూ ఉన్న నీళ్లలో మందు ఎక్కువ, మిగతా ట్యాంకులో సున్నా. సున్నం పోయి అడుగున పేరుకుంటుంది, అడుగు మడ్డి బయటికి వదిలే స్కవర్ వాల్వు బిగుసుకుపోతుంది. మళ్లీ ట్యాంకు కడిగే రోజున ఆ వాల్వు తిరగదు.

భాస్కర్: పద్ధతేందంటే, ప్లాస్టిక్ బకెట్ల కొంచెం నీళ్లతోటి ముద్ద చేసి, నీళ్లు పెంచుకుంట పోవాలె. అరగంట తేరనిచ్చి తేట మాత్రమే, నీళ్లు పడే చోట, మోటారు నడుస్తుండగానే పొయ్యాలె. పడే నీళ్లే కలుపుతయి. నిండినంక అరగంట వాల్వు తియ్యొద్దు. చేతులకు గ్లవ్స్, వీపు గాలి వచ్చే దిక్కుకి.

సుజాత: ట్యాంకులో పాచి పోడానికని యాసిడ్ తెచ్చి, అదే రోజు బ్లీచింగ్ కూడా వేస్తారు కొందరు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు. లోపల మనిషి ఉంటే బయటికి రాలేడు. ఇది నవ్వులాట కాదు. ట్యాంకు లోపలికి యాసిడ్ అసలు పోనివ్వద్దు. బ్రష్షూ, 10 లీటర్లకి 8 గ్రాముల పొడి కలిపిన తేట, గోడలకి రుద్ది అరగంట ఉంచి కడిగెయ్యడం. చాలు. లోపలికి మనిషి దిగితే పైన ఇంకొకరు ఉండాలి, రెండు మూతలూ తీసి ఉంచాలి.

భాస్కర్: మా దిక్కు ట్యాంకు మీద 1, 11, 21 తేదీలు రాస్తరు, కడిగిన రోజులు. పెయింటు కొత్తగుంటది, లోపల...

సుజాత: లోపల మూత జాలీ చిరిగి పావురాలు. సరే, అది ఇంకో ఎపిసోడ్.

భాస్కర్: ఇదంతా మనిషి చెయ్యాలె కాబట్టే నేననేది, మందు దానంతటదే పోసే మిషను, డోసర్, పెట్టుకోండని. కట్టుబడ్డ నీటి డబ్బే కదా. ద్రవ హైపోక్లోరైట్, అంటే నీళ్ల రూపంలో క్లోరిన్ మందు, చిన్న డోసింగ్ పంపు, మోటారు స్టార్టర్‌కే కలిపేస్తే మోటారు నడిచినంతసేపే మందు పడుతుంది. 10 శాతం ద్రవమైతే 60 వేల లీటర్లకి 1.2 లీటర్లు. గంటకి 15 వేల లీటర్లు ఎత్తే మోటారైతే నాలుగు గంటలు, గంటకి 300 మిల్లీలీటర్లు. మరిచిపోవడం ఉండదు.

సుజాత: మనిషి మరిచిపోతే ఒక రోజు పోతుంది. మిషను మరిచిపోతే మూడు నెలలు ఎవరికీ తెలియదు.

భాస్కర్: అట్లనకండి.

సుజాత: ఎండాకాలంలో ఆ డ్రమ్ము రేకుల గదిలో పెడతారు. 10 శాతం ఉన్నది కొన్ని వారాల్లో 5కి దిగొచ్చు. పంపు మాత్రం బుద్ధిగా అదే 300 పోస్తుంటుంది. పడే క్లోరిన్ సగం. పైగా మందు పీల్చే గొట్టం చివర ఉప్పు పేరుకుంటుంది, గాలి పడితే పంపు చప్పుడు చేస్తుంటుంది కానీ చుక్క పడదు. చప్పుడు వింటే పనిచేస్తున్నట్టే లెక్క.

భాస్కర్: మరి సంచి గురించి మాట్లాడరేం? బ్లీచింగ్ సంచి పంపు గదిలోనే పెడతరు. ఆ ఆవిరికి స్టార్టర్‌లో కాంటాక్టులు తుప్పు పట్టి మోటారు కాలుతుంది. రిపేరు బిల్లు ఎవరు రాస్తరు?

సుజాత: సంచి పక్క గదిలో పెట్టమని చెప్పు. మిషను కొనమని కాదు.

భాస్కర్: నేను కొనమంటున్న.

సుజాత: సరే కొనుక్కో. కానీ డోసర్ ఉన్నా రోజూ ఆఖరి కుళాయి దగ్గర పరీక్ష చెయ్యాలా వద్దా?

భాస్కర్: ...చెయ్యాలె.

సుజాత: అయితే గొడవేముంది? నాకు కావలసింది ఆ పరీక్ష. ట్యాంకు కింద నల్లా విప్పి చూసి 0.5 రాయడం కాదు.

భాస్కర్: నల్లా అన్నరు. కుళాయి అనలే.

సుజాత: నీతో తిరిగి పాడైపోయాను. [నవ్వు] విను. తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలంటుంది. అది చివరి ఇంటికి వచ్చేసరికి ఉండాలి. మొదటి ఇల్లు, మధ్య ఇల్లు, ప్రతి వీధిలో ఆఖరి ఇల్లు. ఇప్పుడు, మొదటి ఇంట్లో 0.5, రెండో వీధి చివర 0.3, నాలుగో వీధి చివర 0.3, మూడో వీధిలో సున్నా. ఏం చేస్తావు?

భాస్కర్: మందు పెంచుతరు సాధారణంగా.

సుజాత: పెంచుతారు! మొదటి ఇంటివాళ్లు వాసనని గోల పెడతారు. మూడో వీధిలో మాత్రం అదే సున్నా. ఎందుకంటే అక్కడ క్లోరిన్‌ని ఏదో తినేస్తోంది. ఆ వీధికి వెళ్లి కాలవ చూడు.

భాస్కర్: కాలవ.

సుజాత: కాలవే! ఇంటి కనెక్షన్ పైపు కాలవ అడుగునుంచి, మురుగులో మునిగి పోతుంది. జాయింటు సరిగ్గా కాలవ మధ్యలో. నీళ్లు వదిలినంతసేపూ లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి నీళ్లే బయటికి కారతాయి, ఏమీ కాదు. వాల్వు కట్టగానే పైపు ఖాళీ అవుతూ బయటిదాన్ని లోపలికి లాక్కుంటుంది. ఆ వీధిలో ఎవరైనా కుళాయికి నేరుగా మోటారు తగిలిస్తే ఇక చెప్పక్కర్లేదు, సరఫరా ఉండగానే లాగుతుంది. మర్నాడు వాల్వు తియ్యగానే మొదటి రెండు బిందెలు పట్టేది ఎవరు? అందరికన్నా ముందు లేచిన ఇంటివాళ్లు.

భాస్కర్: ...వానాకాలం విరేచనాల కేసులు ఒక్క వీధిలోనే వస్తయి చూడండి, ఇదే.

సుజాత: అదే. ట్యాంకు నీళ్లు బాగున్నాయని రిపోర్టు వస్తుంది. నిజమే, ట్యాంకు నీళ్లు బాగానే ఉంటాయి.

భాస్కర్: సరే, ఇన్నేళ్లకి మీ కాలవకి ఒక దండం. మరి పని ఎట్ల? ఆ 22 కనెక్షన్లు.

సుజాత: పైపు కాలవ నీటి మట్టానికి పైనుంచి పోగలిగితే పైనుంచే. కుదరకపోతే కేసింగ్. 20 మిల్లీమీటర్ల ఇంటి పైపుకి 50 మిల్లీమీటర్ల పీవీసీ. కాలవ అడుగున్నర వెడల్పైతే అటో అడుగు, ఇటో అడుగు, మొత్తం మూడున్నర అడుగులు. లోపల నడిచే పైపు ఒకే ముక్క, జాయింటు ఉండకూడదు.

భాస్కర్: 6 మీటర్ల పైపు అంటే ఇంచుమించు 20 అడుగులు. అయిదు ముక్కలొస్తయి, రెండడుగులు మిగులుతది. 22 కనెక్షన్లకి అయిదు పైపులు. మూడు ముక్కలు అదనం.

సుజాత: అయిదు పైపులు! దీనికి సీసీ రోడ్డంత ఎస్టిమేటు అక్కర్లేదు. నీటి పద్దులోనే పోతుంది. కాలవ కట్టకముందే వేస్తే పగలగొట్టే కూలి కూడా ఉండదు. ముందు పైపు, తర్వాత...

భాస్కర్: తర్వాత కాలవ, ఆఖర్న రోడ్డు. అక్కా, రెండో పేజీ, మూడో పేజీ ఇంకా నా చేతిలోనే ఉన్నయి. గ్రామసభ కోరం, నోటీసు...

సుజాత: వచ్చేవారం చదువుదాం. ఒకటి మరిచిపోయా, కేసింగ్ చివర్లు సిమెంటుతో మూసేస్తారు. అది చెయ్యొద్దు. లోపలి పైపు మార్చాలంటే మళ్లీ గునపం పట్టాలి.

భాస్కర్: మరి మట్టి పోదా?

సుజాత: పాత ట్యూబు ముక్క చుట్టి బిగించొచ్చు.

భాస్కర్: సైకిల్ ట్యూబా?

సుజాత: సైకిల్‌దే. ఏం, నిచ్చెనకి కట్టింది ఇంకా ఉందా నీ దగ్గర?

భాస్కర్: మీరే ఎత్తిండ్రు! నేను ఎత్తలే! ఇది రికార్డు అయింది కదా?

సుజాత: ఆపు, ఆపు, ఆ బటన్...