"ఎందుకైనా మంచిది" అనే బరువు: బ్యాక్‌ప్యాకింగ్‌కు సంచి తేలికగా సర్దుకోవడం

[తెరపై: నేల మీద పరిచిన దుప్పటి, దాని మీద ప్రయాణానికి తీసిపెట్టిన సామాను, పక్కన ఖాళీ బ్యాక్‌ప్యాక్, చిన్న డిజిటల్ త్రాసు.]

నమస్కారం. రోజుల తరబడి కాలినడకన సాగే ప్రయాణంలో పడక, వంటసామాను, తలదాచుకునే గూడు అన్నీ మన వీపు మీదే ఉంటాయి. "ఎందుకైనా మంచిది" అనుకుంటూ సంచిలో వేసుకున్న ప్రతి వస్తువు బరువూ ఎత్తు ఎక్కేటప్పుడు మోకాళ్ల మీదే పడుతుంది. ఆ బరువును ఎక్కడ తగ్గించవచ్చో, ఎక్కడ తగ్గించకూడదో ఈ వీడియోలో చూద్దాం.

ముందుగా కావలసింది త్రాసు. ఆహారం, నీరు, ఇంధనం దారిలో తరుగుతూ ఉంటాయి కనుక వాటిని పక్కన పెట్టి, మిగిలిన సామానును సంచితో సహా తూచినప్పుడు వచ్చే బరువును బేస్ వెయిట్ అంటారు. అది సుమారు 9 కిలోల లోపు ఉంటే తేలికైన సంచి అనీ, 4.5 కిలోల లోపు ఉంటే అల్ట్రాలైట్ అనీ ట్రెకింగ్ చేసేవారు వ్యవహరిస్తారు. కొత్తగా బయలుదేరేవారు ఆ రెండో అంకె వెంట పడనక్కరలేదని నా అభిప్రాయం. ప్రతి వస్తువునూ విడిగా తూచి, గ్రాముల్లో కాగితం మీద రాసుకుంటే, ఏది వదలాలో చాలావరకు అక్కడే తేలిపోతుంది.

[తెరపై: త్రాసు మీద టెంట్, స్లీపింగ్ బ్యాగ్, ఖాళీ బ్యాక్‌ప్యాక్ ఒకదాని తర్వాత ఒకటి.]

ఆ కాగితంలో పై వరుసల్లో నిలిచేవి సాధారణంగా ఈ మూడే. టూత్‌బ్రష్ పిడి కోసి కొద్ది గ్రాములు మిగుల్చుకునేవారు కూడా మూడు కిలోల టెంటును ఆలోచించకుండా మోస్తుంటారు. ఇద్దరు కలిసి వెళ్తుంటే ఒకే టెంటు తీసుకుని, గుడ్డ ఒకరు, కడ్డీలు మరొకరు పంచుకోవచ్చు. పక్షుల నూగు నింపిన స్లీపింగ్ బ్యాగ్, అంతే వెచ్చదనమిచ్చే సింథటిక్ బ్యాగ్ కంటే తేలికగా ఉంటుంది, చిన్నగా ముడుచుకుంటుంది. కానీ తడిస్తే నూగు ముద్దకట్టి వెచ్చదనం పోతుంది కనుక, వాన పడే చోటికి దానిని నీరు చొరని కవరులో పెట్టే తీసుకెళ్లాలి. ఒంటి కింద నలిగిన నూగులో గాలి నిలవదు కాబట్టి నేల చలిని ఆపేది కింద పరిచిన మ్యాట్ మాత్రమే. బరువు పేరు చెప్పి దానిని వదిలేయకండి. బ్యాక్‌ప్యాక్‌ను అన్నింటికంటే చివర కొనండి. పెద్ద సంచి ముందే చేతికి వస్తే, అందులోని ఖాళీ నిండేదాకా మనసు ఊరుకోదు.

దుస్తుల్లో రోజుకొక జత అనే లెక్క ఇక్కడ పనికిరాదు. నడవడానికి ఒక జత, పడుకోవడానికి పొడిగా దాచుకునే మరో జత, అదనంగా మేజోళ్లు, ఒక వెచ్చని జాకెట్, ఒక రెయిన్ జాకెట్ ఉంటే, ఉతుక్కుంటూ వారం రోజులు గడపవచ్చు.

[తెరపై: తడిపిన నూలు చొక్కాను, సింథటిక్ చొక్కాను పక్కపక్కన పిండి ఆరవేస్తారు.]

ఎంత గట్టిగా పిండినా నూలు చొక్కా అంచున నీటిబొట్టు మళ్లీ ఎలా ఊరుతోందో చూడండి. ఆ నీరంతా మోయవలసిన బరువే. పైగా చల్లగాలిలో అది ఒంటి వేడిని లాగేస్తుంది. మెరినో అనే జాతి గొర్రెల ఉన్ని కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది, త్వరగా వాసన పట్టదు.

లీటరు నీరు కిలో బరువు తూగుతుంది. దారిలో నీరు ఎక్కడ దొరుకుతుందో మ్యాప్‌లో ముందే చూసుకుని, చిన్న ఫిల్టర్ వెంట ఉంచుకుంటే, రోజంతటి నీటిని ఉదయమే వీపుకెత్తుకోనక్కరలేదు. గ్రాము కొవ్వులో సుమారు 9 కేలరీలు, పిండిపదార్థంలో 4 కేలరీలు ఉంటాయి కాబట్టి, బాదం, వేరుశనగ వంటి గింజలు తక్కువ బరువులో ఎక్కువ శక్తినిస్తాయి.

1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే అమెరికన్ మహిళ 67 ఏళ్ల వయసులో, 3,200 కిలోమీటర్లకు పైగా ఉన్న అప్పలేచియన్ ట్రెయిల్ అనే అమెరికాలోని కాలిబాటను ఒంటరిగా నడిచి పూర్తి చేశారు. ఇంట్లో కుట్టుకున్న డెనిమ్ సంచి ఆమె భుజాన ఉండేది. టెంటుకు బదులు ప్లాస్టిక్ షవర్ కర్టెన్ తీసుకెళ్లారు. అంత సాహసం చేయమని నేను ఎవరికీ చెప్పను, కానీ తనకు ఏది అక్కరలేదో ఆమెకు తెలిసినంత స్పష్టంగా మనకూ తెలియాలి.

అందుకు ఒక ప్రశ్న చాలు: ఈ వస్తువు లేకపోతే ఏమవుతుంది? కొంచెం ఇబ్బంది పడతాననే జవాబు వస్తే వదిలేయవచ్చు. ప్రాణం మీదికి వస్తుందంటే అది ఎంత బరువున్నా సంచిలో ఉండవలసిందే. ప్రథమ చికిత్స సామగ్రి, హెడ్‌ల్యాంప్, మ్యాప్, రెయిన్ జాకెట్, వెచ్చని జాకెట్ ఈ రెండో కోవకు చెందినవి.

[తెరపై: సంచి సర్దుతున్న చేతులు, దగ్గరగా.]

స్లీపింగ్ బ్యాగ్ అడుగున, బరువైన ఆహారం వీపుకు ఆనుకుని నడుమ భాగంలో, వానకోటు పైన ఉండాలి. నడుము పట్టీని తుంటి ఎముకల మీద బిగిస్తే భారం చాలావరకు భుజాల నుంచి కాళ్లకు దిగుతుంది.

తిరిగి వచ్చిన రోజునే ఈ దుప్పటిని మళ్లీ పరచండి. రోజూ వాడినవి, ఒకసారి వాడినవి, అసలు ముట్టనివి అని మూడు కుప్పలు పోయండి. మూడో కుప్పలోంచి ప్రథమ చికిత్స సామగ్రినీ, రెయిన్ జాకెట్‌నూ తిరిగి సంచిలో పెట్టి, మిగిలినవాటిని త్రాసు మీద ఉంచి, ఆ అంకెను పాత కాగితంలోనే రాసుకోండి.